అన్నయ్య వదిలిన పాత ఫోన్లో మెయిల్ తెరుచుకోవట్లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: అన్నా, మాది సోంపేట దగ్గర పల్లె. ఐటీఐలో వెల్డర్ చేశాను, గల్ఫ్ వెళ్దామని ట్రై చేస్తన్నాను. మా అన్నయ్య ఖతార్ వెళ్తూ వదిలేసిన శాంసంగ్ గెలాక్సీ జె2 ఫోను రెండేళ్ళుగా బీరువాలో పడుంది, తీసి ఛార్జింగ్ పెడితే ఆన్ అయింది. ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే 4జీ గుర్తు వస్తంది గానీ ఏ పేజీ తెరిచినా కనెక్షన్ సేఫ్ కాదంటంది, జీమెయిల్ సైన్ ఇన్ అవ్వట్లేదు. టైము కూడా తప్పు చూపిస్తంది, దాని సంగతి తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. నా మెయిల్ ఐడీ ఊళ్ళో నెట్ సెంటర్ ఆయన ఓపెన్ చేశాడు, పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంది. మెయిల్ ఏదైనా వచ్చిందేమో అని రెండ్రోజులకోసారి వెళ్తన్నాను, చూసినందుకు 20 రూపాయలు, ప్రింటుకి 10 తీసుకుంటన్నాడు. ఫోన్ల షాపులో అడిగితే రీసెట్ కొట్టాలి 300 అవుతాది, లేకపోతే కొత్తది కొనుక్కో అన్నారు. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. ఈ ఫోన్లోనే మెయిల్ చూసుకునే దారి ఏదైనా ఉందా?

సమాధానం: తమ్ముడూ, దారి ఉంది. ఆ ఫోను నీ పనికి సరిపోతాది. కానీ ఆ రీసెట్ మాత్రం ఎవరిచేతా కొట్టించకు, ఎందుకో చెప్తాను. ముందు నువ్వు ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేసిన ఆ టైము సంగతి చూడాలి, ఎందుకంటే నీ ఫోనుకున్న జబ్బులో ముప్పాతిక భాగం అదే.

ఏటంటే, నువ్వు ఏ సైట్ తెరిచినా ఆ సైట్ నీ ఫోనుకి ఒక సర్టిఫికెట్ చూపిస్తాది, నేను ఫలానా అసలు సైట్‌నే అని. ఆ సర్టిఫికెట్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతాదో రాసి ఉంటాది, మన బస్ పాస్ మీద ఉన్నట్టే. రెండేళ్ళు బ్యాటరీ డెడ్ అయిపోయి బీరువాలో ఉన్న ఫోనుకి గడియారం ఆగిపోయి ఏ 2015కో వెళ్ళిపోతాది, అప్పుడు ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ చూసి, ఇది ఇంకా మొదలే అవ్వలేదు కదా, చెల్లదు అని ఫోను తలుపు మూసేస్తాది. నెట్ వస్తంది, 4జీ గుర్తు ఉంది, డబ్బులు కూడా ఉన్నాయి, అయినా ఏదీ తెరుచుకోదు. నా దగ్గరికి వచ్చే పాత ఫోన్లలో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అందుకే నీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్క కనపడగానే ప్రాణం లేచొచ్చింది. సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్ళు, ఆటోమేటిక్ అన్న దగ్గర టిక్కు పెట్టి ఒక పది నిమిషాలు చూడు, సిగ్నల్ నుంచి తేదీ తీసుకుంటే సరే, లేకపోతే ఆ టిక్కు తీసేసి నువ్వే చేత్తో పెట్టు. గంటలూ నిమిషాలూ ఒక్కటే చూసి ఊరుకోకు, సంవత్సరం చూడు, చాలామంది అక్కడే తప్పుతారు. టైమ్ జోన్ ఇండియాదే ఉండాలి, 5:30 అని చూపిస్తాది. పెట్టాక ఫోను ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి.

ఇంకో మాట, ఇది ఫోను వాడకముందే చూడాల్సింది. వెనక మూత తీసి బ్యాటరీ బయటికి తీసి బల్ల మీద పెట్టి తిప్పి చూడు. బొంగరంలా తిరిగిందంటే ఉబ్బిందన్నమాట, దాన్ని మళ్ళీ ఫోన్లో పెట్టకు, ఛార్జింగ్ అసలు పెట్టకు, కొత్త బ్యాటరీ తెచ్చుకో. ఆ మోడల్‌కి బ్యాటరీ మనమే తీసి మార్చుకోవచ్చు, అదొక మంచి విషయం.

రీసెట్ ఎందుకు వద్దన్నానంటే, ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఒక తాళం వచ్చింది. ఫోన్లో ఎవరిదైనా గూగుల్ అకౌంట్ ఉండగా బటన్లు నొక్కి రీసెట్ కొట్టేస్తే, మళ్ళీ ఆన్ అయినప్పుడు ముందున్న ఆ అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతాది, అది చెప్పకపోతే లోపలికి రానివ్వదు. నీ జె2 5.1 ఫోనే, అందులో ఉన్నది మీ అన్నయ్య అకౌంట్. ఆయనకి ఆ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఎవరికి తెలుసు, ఆయనేమో ఖతార్‌లో. అప్పుడు 300 ఇచ్చి పనిచేసే ఫోనుని ఇటుక చేసుకున్నట్టు అవుతాది. ముందు మీ అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పి, సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్ళి ఆయన అకౌంట్ తీసెయ్యి, ఫోటోలేవైనా కావాలంటే మెమరీ కార్డులోకి ఎక్కించు, అంతే చాలు. నీ పనికి రీసెట్టే అక్కర్లేదు.

నెట్ సంగతి తొందరగా చెప్పేస్తాను. తేదీ సరిచేశాక కూడా పేజీలు రాకపోతే మొబైల్ నెట్‌వర్క్స్‌లో యాక్సెస్ పాయింట్ నేమ్స్ అని ఉంటాది, అందులో ఎయిర్‌టెల్‌కి ఎపీఎన్ దగ్గర ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్ అని చిన్న అక్షరాల్లో మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలెయ్యి. బీఎస్ఎన్ఎల్ అయితే బీఎస్ఎన్ఎల్‌నెట్, జియో అయితే జియోనెట్. మీ వైపు ఇంకోటుంది, ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట ఇవన్నీ ఒడిశాకి దగ్గర్లోనే ఉన్నాయి కదా, ఒక్కోసారి ఫోను అటువైపు టవర్ పట్టేసుకుంటాది, సిగ్నల్ గీతల పక్కన ఆర్ అనే అక్షరం కనిపిస్తాది. అప్పుడు డేటా రోమింగ్ ఆన్‌లో లేకపోతే నెట్ ఆగిపోతాది, కాల్స్ మాత్రం వెళ్తుంటాయి, మనమేమో ఫోను పాడైందనుకుంటాం. ఆ రోమింగ్ టిక్కు పెట్టి చూడు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట, 3జీ వరకే ఉన్న ఫోన్లో జియో సిమ్ వేసి సిగ్నల్ రావట్లేదని తిరక్కండి, జియోకి 2జీ, 3జీ లేనే లేవు, ఏ సెట్టింగ్ మార్చినా రాదు. ఎయిర్‌టెల్ కూడా 2020లోనే 3జీ తీసేసింది, పాత 3జీ ఫోన్లో అది వేస్తే 2జీ స్పీడే వస్తాది. అలాంటి ఫోన్లకి ఇంట్లో ఇంకెవరిదైనా కొత్త ఫోను ఉంటే దాని హాట్‌స్పాట్ పట్టుకోవడం సులువు. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్లో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ అని పెట్టాలి, 5 పెడితే పాత ఫోనుకి ఆ పేరే కనపడదు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 పెట్టాలి, 3 వద్దు. తమ్ముడూ, మీ కొబ్బరి తోటల మధ్యలో సిగ్నల్ సన్నగిల్లితే నీకు కూడా ఇదే పనికొస్తాది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు ఫోను గురించి రాశావు గానీ నాకు భయం వేసింది ఫోను గురించి కాదు. నీ మెయిల్ పాస్‌వర్డ్ ఇంకొకరి దగ్గర ఉంది అన్నావు చూడు, అది. ఇల్లు నీ పేరు మీద ఉండి తాళం చెవి పక్కింటాయన దగ్గర ఉంటే ఎలా ఉంటాదో అలాగుంది. రేపు నీ ఆఫర్ లెటర్ అందులోకే వస్తాది, పాస్‌పోర్ట్ కాపీ అందులోంచే వెళ్తాది, మెడికల్ తేదీ, వీసా కాగితం, టికెట్ అన్నీ అందులోకే. ఆ నెట్ సెంటర్ ఆయన చెడ్డవాడని నేను అనట్లేదు, పాపం మన ఊళ్ళల్లో చాలామందికి ఆయనలాంటి వాళ్ళే మొదటి మెయిల్ ఐడీ తెరిచి పెట్టారు. కానీ ఆయనెంత మంచివాడైనా ఆ చెవి నీ దగ్గరే ఉండాలి.

మా ఇంట్లోనే జరిగింది చెప్తాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఎలా పడిపోయాయో నీకు నేను చెప్పక్కర్లేదు, నువ్వు కళ్ళారా చూసుంటావు. మా మేనత్త కొడుకుదీ మీ వైపే, అప్పుడు గల్ఫ్ ప్రయత్నంలో ఉన్నాడు. ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, పిల్లల్ని తీసుకుని శ్రీకాకుళం మా ఇంటికి వచ్చేశాడు. ఇక్కడ నెట్ వస్తంది, నా కంప్యూటర్ ఉంది, కూర్చుని మెయిల్ చూద్దామంటే పాస్‌వర్డ్ తెలీదు, వాళ్ళ ఊళ్ళో నెట్ సెంటర్లో ఉంది, ఆ సెంటర్ రేకులు ఎగిరిపోయి మూసుంది, ఆయన ఫోను కలవదు. ఫర్గాట్ పాస్‌వర్డ్ కొడితే ఓటీపీ కూడా ఆయన నంబరుకే వెళ్తంది. తొమ్మిది రోజుల తర్వాత తెరిస్తే మెడికల్‌కి రమ్మన్న తేదీ దాటి నాలుగు రోజులైంది. ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు. ఇల్లు, తోట పోయిన బాధ మీద ఇదొకటి. వాడు మా వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్న తీరు నాకింకా కళ్ళముందే ఉంది, అప్పట్నుంచి ఎవరు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చినా ముందు అడిగేది, మెయిల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, దానికి ఏ నంబరు ఇచ్చారు అని.

అందుకని ఈ పని ముందు చెయ్యి, ఫోన్లో మెయిల్ పెట్టడం దాని తర్వాత. వరస కూడా ముఖ్యమే. నెట్ సెంటర్ ఆయన దగ్గరికి ఒకసారి మర్యాదగా వెళ్ళు, అన్నయ్యా నేను ఊరు వదిలి వెళ్ళిపోతన్నాను, మెయిల్ నా నంబరు మీదికి మార్చుకుంటాను, పాస్‌వర్డ్ ఇవ్వండి, ఓటీపీ వస్తే చెప్పండి అను, చాలామంది వెంటనే ఇచ్చేస్తారు. కానీ మార్చడం మాత్రం ఆయన కంప్యూటర్ మీద చెయ్యకు, అక్కో చెల్లో స్నేహితుడో ఎవరిదైనా కొత్త ఫోను అరగంట అడిగి తీసుకుని, అందులో ఇన్‌కాగ్నిటో పేజీలో, అంటే మూసేశాక నీ వివరాలు ఆ ఫోన్లో మిగలని పేజీలో చెయ్యి, నీ జె2లో ఇది చెయ్యడం కష్టం. గూగుల్ అకౌంట్‌లోకి వెళ్ళి ముందు రికవరీ ఫోన్ నంబరు మార్చి నీది పెట్టు, రికవరీ మెయిల్ దగ్గర ఆయనదేమైనా ఉంటే అది కూడా తీసెయ్యి. తర్వాత పాస్‌వర్డ్ మార్చు. పేరూ పుట్టినరోజూ పెట్టకు, నీకు మాత్రమే తెలిసిన నాలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టు. తర్వాత యువర్ డివైసెస్ అన్న చోట నీది కాని కంప్యూటర్లన్నిటినీ సైన్ అవుట్ చేసెయ్యి. ఒక్క విషయం గుర్తుంచుకో, రికవరీ నంబరు మార్చాక కూడా ఒక 7 రోజుల వరకు పాత నంబరుకి కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచుతాది, కాబట్టి ఆ వారం రోజులు మెయిల్‌లో ఏవైనా కొత్త సైన్ ఇన్ అని హెచ్చరిక వస్తందేమో చూస్తూ ఉండు. ఇంకోటి చాలామందికి తెలీదు, జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అని ఉంటాది, అది కంప్యూటర్లోనో, ఫోన్ బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టుకునో చూడాలి. అక్కడ ఇంకెవరి ఐడీ అయినా ఉంటే పాస్‌వర్డ్ మార్చినా నీ ఉత్తరాలన్నీ అటు వెళ్తూనే ఉంటాయి, ఉంటే తీసెయ్యి.

కొత్త ఐడీ తెరుచుకుంటే పోలేదా అని నీకు అనిపించొచ్చు. పాత ఐడీ ఇప్పటికే ఏజెంట్లకి, పాస్‌పోర్ట్ దరఖాస్తుకి ఇచ్చుంటావు, ఎక్కడెక్కడ ఇచ్చావో అన్నీ గుర్తుండవు, అందుకే పాతదాన్నే చేతిలోకి తీసుకోమంటన్నాను. ఆయన ఇవ్వను అంటేనే కొత్తది.

ఆ తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చెయ్యి, నీ నంబరుతో, అంటే పాస్‌వర్డ్‌తో పాటు నీ నంబరుకి వచ్చే కోడ్ కూడా అడిగే రెండో తాళం. ఇది ఆన్ అయ్యాకే యాప్ పాస్‌వర్డ్ అనేది, అంటే ఒక్క మెయిల్ యాప్ కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్, తెరుచుకుంటాది, నీ పాత ఫోనుకి కావాల్సింది అదే. ఎందుకంటే 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డ్ మాత్రమే అడిగే పాత మెయిల్ యాప్‌లని గూగుల్ లోపలికి రానివ్వట్లేదు, పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా తప్పు అంటాది. చాలామంది అక్కడ తల బాదుకుని ఫోను మీద కోప్పడతారు. గూగుల్ అకౌంట్ పేజీలో పైన వెతికే చోట యాప్ పాస్‌వర్డ్స్ అని కొట్టు, ఒక పేరు అడుగుతాది, పాత ఫోను అనో ఏదో పెట్టు, 16 అక్షరాలు నాలుగేసి చొప్పున చూపిస్తాది. ఒక్కసారే చూపిస్తాది, వెంటనే కాగితం మీద రాసుకో. ముందే పాస్‌వర్డ్ మార్చమని ఎందుకన్నానంటే, అసలు పాస్‌వర్డ్ మారిస్తే ఈ యాప్ పాస్‌వర్డ్‌లు రద్దయిపోతాయి, అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి.

ఇప్పుడు జె2 చేతిలోకి తీసుకో. జీమెయిల్ యాప్ జోలికి వెళ్ళకు, ఫోనుతో పాటు వచ్చిన ఈమెయిల్ అనే యాప్ వేరేగా ఉంటాది, దాన్ని తెరువు. నీ ఐడీ కొట్టి, పాస్‌వర్డ్ దగ్గర ఆ 16 అక్షరాలు మధ్యలో ఖాళీల్లేకుండా కొట్టి, కింద మాన్యువల్ సెటప్ నొక్కు. రకం అడిగితే ఐమ్యాప్ ఎంచుకో, పాప్ వద్దు, పాప్ పెడితే ఒక ఫోన్లో చదివింది ఇంకో ఫోన్లో చదవనట్టే కనిపిస్తాది. వచ్చే మెయిల్ సర్వర్ దగ్గర ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్ట్ 993, సెక్యూరిటీ ఎస్ఎస్ఎల్. ఇక్కడ ఆగి చూడు, ఆ లిస్టులో ఎస్ఎస్ఎల్ పక్కనే అన్ని సర్టిఫికెట్లూ ఒప్పుకో అనే ఇంకో రకం ఉంటాది, ఏదైనా ఎర్రర్ వస్తే షాపుల్లో అదే పెట్టేసి పంపించేస్తారు, అది వద్దు. అది పెడితే ఎవడు నేనే గూగుల్ అని వచ్చినా నీ ఫోను నమ్మేస్తాది. ఎర్రర్ వస్తే మళ్ళీ తేదీ చూసుకో. పంపే మెయిల్‌కి ఎస్ఎమ్‌టీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్ట్ 465, ఎస్ఎస్ఎల్. యూజర్ నేమ్ అని అడిగిన ప్రతిచోటా ఎట్ జీమెయిల్ డాట్ కామ్‌తో సహా పూర్తి ఐడీ కొట్టాలి, సగం కొడితే అవ్వదు.

నీ ఫోన్లో ర్యామ్ 1 జీబీ, స్టోరేజ్ 8 జీబీయే, అందులో సగం దాకా ఫోనే మింగేసి ఉంటాది. కాబట్టి పాత మెయిల్స్ ఎన్నాళ్ళవి తెచ్చుకోవాలి అన్న దగ్గర ఒక వారం అని పెట్టు, అన్నీ అని పెట్టకు. అటాచ్‌మెంట్లు వాటంతటవే దిగకుండా ఆపు, కావాల్సింది నువ్వే నొక్కి దించుకో. ఆఫర్ లెటర్లు ఎక్కువగా పీడీఎఫ్‌లో వస్తాయి, చిన్న పీడీఎఫ్ రీడర్ ఒకటి ఉందో లేదో ఇప్పుడే చూసుకో, లెటర్ వచ్చిన రోజు వెతుక్కోకుండా. పాస్‌పోర్ట్ ఫోటో పంపేటప్పుడు జీమెయిల్‌లో ఒక మెయిల్‌కి 25 ఎంబీ దాటకూడదు, జె2 కెమెరాతో తీసినవి ఎలాగూ అంత ఉండవు, పగటి వెలుతురులో గుమ్మం దగ్గర పెట్టి తియ్యి, ఫ్లాష్ వేస్తే పాస్‌పోర్ట్ మీద తెల్ల మచ్చ పడి నంబరు కనపడదు.

ఈ ఫోనుకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి చాన్నాళ్ళైంది. అందుకని బ్యాంకు పనులు ఇందులో చెయ్యొద్దు, ఎక్కడెక్కడివో యాప్ ఫైళ్ళు ఎక్కించొద్దు, మెయిల్ ఒక్కటే ఉంచు. యాప్ పాస్‌వర్డ్ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే, ఫోను పోయినా ఎవరైనా కొట్టేసినా నీ అసలు పాస్‌వర్డ్ అందులో ఉండదు, వేరే ఫోన్లోంచి వెళ్ళి ఆ ఒక్క 16 అక్షరాలదాన్ని తీసేస్తే ఆ ఫోను ఇక నీ మెయిల్‌లోకి రాలేదు.

మెయిల్ నీ చేతికి వచ్చాక వచ్చిన ప్రతి ఆఫర్ నువ్వే చదువు, ఎవరో చదివి చెప్పింది కాదు. పంపినవాడి ఐడీ మీద నొక్కి పూర్తి అడ్రస్ చూడు, కంపెనీ పేరు చెప్పుకుంటూ మామూలు ఫ్రీ ఐడీ నుంచి వచ్చి వీసాకి డబ్బు వెయ్యమంటే నమ్మకు. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు, లైసెన్సున్న ఏజెంటు తన సర్వీసు కింద తీసుకోవాల్సింది 30,000 రూపాయలకి మించకూడదు, పైన జీఎస్టీ, అంతే. మన వైపు దీనికి ఎన్ని రెట్లు పుచ్చుకుంటన్నారో, దానికోసం ఎంతమంది తల్లుల పుస్తెలు తాకట్టులో ఉన్నాయో నీకూ తెలుసు. డబ్బు కట్టే ముందు రసీదు అడుగు.

చివరిగా ఒక పని, ఇది మర్చిపోతే నువ్వు ఇప్పటిదాకా చేసిందంతా అక్కడికి వెళ్ళాక చిక్కులో పడతాది. టూ స్టెప్ పెట్టిన పేజీలోనే బ్యాకప్ కోడ్స్ అని ఉంటాది, నొక్కితే ఎనిమిది అంకెల కోడ్లు 10 ఇస్తాది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తాది. నువ్వు గల్ఫ్‌లో దిగాక మన సిమ్‌కి రోమింగ్ లేకపోతే ఓటీపీ రాదు, కొత్త ఫోను కొనుక్కుని మెయిల్ తెరుద్దామంటే కోడ్ అడుగుతాది, అప్పుడు ఈ కాగితమే దిక్కు. రెండు కాపీలు రాయి. ఒకటి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకో, రెండోది అమ్మకి ఇచ్చి పెట్టెలో దాచమను, ఇది ఎవరడిగినా ఇవ్వొద్దు, నేను ఫోన్ చేసి అడిగితేనే చదివి చెప్పు అని చెప్పు. వెళ్ళాక కూడా అప్పుడప్పుడూ మెయిల్ తెరుస్తూ ఉండు, రెండేళ్ళు అసలు తెరవని అకౌంట్లని గూగుల్ తీసేయొచ్చు, ఒక కాంట్రాక్టు అంటే రెండేళ్ళే కదా.

ఇప్పుడు ముందు తేదీ సరిచేసి ఏదైనా ఒక పేజీ తెరిచి చూడు, తెరుచుకుంటే మిగతావన్నీ ఒక పూటలో అయిపోతాయి. అంతా పెట్టాక జె2లోంచి మీ అన్నయ్యకి ఒక మెయిల్ పంపి, తిరిగి జవాబు పంపమని చెప్పు. వెళ్ళిందీ వచ్చిందీ రెండూ చూసుకున్నాకే నెట్ సెంటర్‌కి వెళ్ళడం మానెయ్యి. ఎక్కడైనా ఆగిపోతే తెర మీద ఏం రాసి వచ్చిందో అక్షరం పోకుండా రాసి పంపు, చూసి చెప్తాను.